పిడికెడు గింజల చదువు

నెగడు దగ్గరికి జరుగుండ్రి, ఆ దుప్పటి కాళ్ల మీద కప్పుకోండ్రి. పుష్యమాసం చలి ఎముకలల్ల దూరుతది. పొద్దుగాల మీ అమ్మ నన్ను అడిగింది, "అమ్మమ్మా, చిన్నప్పుడు నిన్ను ఏ బడిల వేసిన్రు?" అని. నన్ను ఏ బడిల వెయ్యలే బిడ్డా. పద్నాలుగేండ్లు వచ్చేదాకా బడి గడప తొక్కలే. చదువంతా మా అమ్మ చెప్పింది, ఇంట్ల, మగ్గం పక్కన కూసోబెట్టి. మీ అమ్మ డల్లాసుల మీకు ఇంట్లనే పాఠాలు చెప్తున్నది గదా, అమెరికాల 50 రాష్ట్రాలల్ల ఇంటి చదువుకు చట్టం ఒప్పుకుంటదని సుత చెప్పింది. మా కాలంల మా అమ్మకు చట్టంతోని పనే పడలే. ఇంట్ల చెప్పకపోతే చదువే లేకుండె.

మా ఊరు కోరుట్లకు, మెట్‌పల్లికి నడిమిట్ల. అప్పుడది కరీంనగర్ జిల్లా, నైజాం రాజ్యం, ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ ఏలుబడి. రాజ్యంల సగానికి దగ్గర మంది ఇండ్లల్ల తెలుగే మాట్లాడేటోళ్లు. గని కచేరీల కాగితం ఉర్దూల, బడిల పాఠం ఉర్దూల, 1918ల పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీల డాక్టరు చదువు సుత ఉర్దూలనే. కొన్ని ఊర్లల్ల తెలుగు చెప్పే పంతుళ్లుండిరి. ఆ బడులను ఖాన్గీ బడులనేది, అంటే సర్కారువి కావు, సొంతంగ నడుపుకునేటివి. వాటికి అనుమతి కావాలె. మా ఊర్ల ఒక పంతులు రామాలయం అరుగు మీద కొన్నేండ్లు ఓనమాలు చెప్పిండట, అనుమతి రాక వెళ్లిపోయిండు. నాకు తెలివి వచ్చేనాటికి ఆ అరుగు మీద ముసలోళ్లు పచ్చీసు ఆడుతుండిరి. సర్కారు బడి కోరుట్లల ఉండె. మా అన్న నడిచిపోయేటోడు. నేను ఆడపిల్లను, నన్ను అంత దూరం ఎవరు పంపుతరు? తమ్ముడు మరీ చిన్నోడు.

మా అమ్మకు అక్షరాలు ఎట్ల వచ్చినయంటే, ఆమె పుట్టిల్లు ధర్మపురి. గోదావరి ఒడ్డు, నరసింహస్వామి గుడి, వేదం చదివేటోళ్లు, పురాణం చెప్పేటోళ్లు, భాగవతాలాడేటోళ్లు. నరసింహ శతకం రాసిన శేషప్ప కవి ఆ ఊరాయనే. మా తాత బట్ట నేసేటోడు, పురాణం చదివేటోడు. మార్కండేయ పురాణం ఆయన చదువుతుంటే సాలోళ్ల వాడంతా వచ్చి కూసునేదట. నడి వయసులనే ఆయనకు కండ్లు మసకలయినయి. కొడుకులు లేరు, ఒక్క బిడ్డ. పొత్తం మూలకు పడేసుడు ఇష్టం లేక, బిడ్డకు అక్షరాలు నేర్పి ఆమెతోని చదివిచ్చుకున్నడు. గట్ల మా అమ్మకు ఎనిమిదేండ్లకే పద్యం తప్పులేకుండ చదువ వచ్చింది. లగ్గమయి మా ఊరికి వచ్చినప్పుడు ఇత్తడి బిందె, రెండు చీరెలు, ఒక పెద్దబాలశిక్ష తెచ్చుకున్నది. మా వాడల చదువ వచ్చిన ఆడిమనిషి ఆమె ఒక్కతే.

మా బాపు ఖద్దరు నేసేటోడు. మెట్‌పల్లి ఖద్దరుకు అప్పటికే పేరుండె, నూలు అక్కడి నుంచి తెచ్చి, నేసిన బట్ట అక్కడనే ఇచ్చి, కూలి తెచ్చుకునేది. నేత పని ఒక్కనిది కాదు, ఇల్లంతా చెయ్యాలె. లచ్చీలు గంజిల తడుపుడు, ఆరబెట్టుడు, రాట్నం మీద కండెలు చుట్టుడు ఆడోళ్ల పని, పిల్లల పని. కండెకు పైసలు వేరే ఉండయి. అమ్మకు అండ్లనే ఒక తోవ దొరికింది. కండెలు చుట్టేటప్పుడు చేతులకు పని, నోటికి పని లేదు గదా. నోటికి పద్యాలు ఇచ్చింది. ఆమె ఒక పాదం అనేది, మేం అనేటోళ్లం. కండె నిండేవరకు పద్యం నోటికి రావాలె. సుమతి శతకం అయిపోయింది, వేమన పద్యాలు అయినయి, ఆమె ఊరు శేషప్ప సీస పద్యాలు పొడుగ్గ ఉంటయి, అవి రెండు కండెలకు ఒకటి. తమ్ముడు ఇంకా అక్షరం దిద్దకముందే నలభై పద్యాలు అప్పజెప్పేటోడు.

లెక్కలు సుత మగ్గం కాడనే. నేతల పుంజం అనే లెక్క ఉన్నది. ఒక పుంజానికి 120 పోగులు. బాపుకు అక్షరం రాదు గని పుంజాల లెక్క గాలిల కట్టేటోడు. అమ్మ మమ్మల్ని ఆయన ముంగట నిలబెట్టి అడిగేది. ఎనిమిది పుంజాల పడుగు పోస్తే ఎన్ని పోగులు? మేం పలక మీద గుణించేలోపట బాపు నాడె విసురుకుంటనే "తొమ్మిది వందల అరవై" అనేటోడు. ఆయన చెప్పింది, మేం రాసింది ఒక్కటి కావాలె. పద్దెనిమిది పుంజాలయినా, ఇరవైనాలుగయినా గట్లనే. పైసల లెక్క వేరే తీరు. రూపాయికి 16 అణాలు, అణాకు 12 పైలు. అంటే రూపాయి చిల్లర చేస్తె 192 పైలు. నిజాం రూపాయిని హాలి సిక్కా అనేది, ఇంగ్లీషోళ్ల రాజ్యంల చెల్లేది కల్దారు. ఏడు హాలి రూపాయలిస్తె ఆరు కల్దార్లు వచ్చేటివి. మద్రాసుల అచ్చయిన పుస్తకం తెప్పియ్యాలంటె ధర కల్దార్ల, మా చేతిల ఉన్నది హాలి. "ఆ పుస్తకానికి మనం ఎన్ని అణాలు జమ చెయ్యాలె?" అని అమ్మ అడిగితె అది ఉత్త పాఠం కాదు, మేం నిజంగనే కొనబోయే పుస్తకం. అందుకని ఆ లెక్క నేను ఎప్పుడూ మరువలే. పట్టా కాగితాల మీద ఏడు ఫసలీల ఉంటుండె. 1353 ఫసలీకి 590 కలిపితె 1943. తమ్ముడు పుట్టిన ఏడు నాకు అట్లనే దొరికింది.

గింజలు కొలిచేటప్పుడు ఇంకో లెక్క. నాలుగు గిద్దెలు ఒక సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం, నాలుగు కుంచాలు తూము, ఇరవై తూములు పుట్టి. అయితే పుట్టికి మానికలెన్ని? 320. ఇది నోటితోని వల్లెవేసుడు కాదు. గుమ్మిల నుంచి తీసి కొలిచి, ఇంత జొన్న ఉన్నది, నెలకు ఇంత ఖర్చు, కొత్త పంట ఎన్ని నెలలకు వస్తది, అప్పటిదాకా చాలుతదా లేదా అని మేమే లెక్క తీసి అమ్మకు చెప్పాలె. ఒక ఏడు చాలదని తేలింది. పెద్ద యుద్ధం నడుస్తున్న రోజులు, రైతుల తాన లెవీ ధాన్యం తీసుకుంటుండిరి, బజార్ల గింజ దొరుకుడు కష్టమైంది. నూలు సుత సరిగ వస్తలే. అప్పటి నుంచి గటకల గింజలు తగ్గినయి, ఆకుకూర పెరిగింది. ఎందుకు తగ్గిందో మాకెవరు చెప్పాల్సిన పని లేకుండె, లెక్క తీసింది మేమే గదా. ఏ పిల్లా మారాం చెయ్యలే.

మా అమ్మ పొదుపు చెప్పాలంటే ఈ రాత్రి సరిపోదు. చీరె చినిగితె నాకు లంగా, లంగా చినిగితె బొంతల అతుకు, అతుకు సుత పీలికలయితె పలక తుడిచే గుడ్డ. మగ్గం కాడ తెగిన పోగులు ఒక్కటి ఊడ్చిపారేసేది కాదు. ముడేసి ఉండ చుట్టి, దీపానికి వత్తులు, కాగితాలు కుట్టే దారం. గంజి పడుగుకు పట్టంగ మిగిలితె ఉప్పేసి తాగేది, ఆడికి మిగిలితె బర్రె కుడితిల పోసేది. పైసలు పెట్టి కూర కొనుడు నేను చూడలే. పెరట్ల బీర, సొర, చిక్కుడు. వానకాలంల చేన్లల్ల గునుగు కూర, గంగవాయిలి కూర, పుంటికూర. వంకాయలు అగ్గువకు దొరికిన నాడు కోసి ఎండబెట్టి వరుగులు చేసేది, ఎండకాలంల అవే చింతపులుసుల ఉడికేటివి. కూరకు పొయ్యేటప్పుడు మేం వెంట పోవాలె. ఏ ఆకు తినొచ్చు, ఏది తింటె నాలుక దురద పెడ్తది, ఏ చెట్టు బంక అతుకుతది, అన్ని ఆమె చూపియ్యంగ నేర్చినం. బతుకమ్మకు తంగేడు, గునుగు, కట్ల పూలు తెచ్చే రోజులల్ల ఆ ఆకులల్ల ఒక్కొక్కటి కోరుట్ల కాగితం నడుమ పెట్టి ఎండబెట్టి, పక్కన పేరు రాయించేది.

కోరుట్ల కాగితం అంటే మీకు తెల్వదు. కోరుట్లల కాగితం చేతితోని చేసేటోళ్లు. బరకగ, జర పసుపు పచ్చగ ఉండేది. పట్వారీల లెక్కల పుస్తకాలకు ఆ కాగితమే వాడేది. మా పట్వారి ఇంట్ల పాత లెక్కలు అటకెక్కినయి ఉంటె, రాయని ముక్కలు చింపుకొనుడుకు అమ్మ అడిగి ఒప్పించుకున్నది. దానికి బదులు ఆయన ఇంటి ఆడోళ్లకు శ్రావణ మాసంల కథలు చదివి వినిపించేది. ఆ ముక్కలు కొలిచి కత్తిరించి, తెగిన పోగులతోని కుట్టి మాకు పుస్తకం చేసేది. కాగితం మీద రాసుడు అయితే ఆఖరుకు. ముందుగాల వాకిట్ల ఇసుక పోసి వేలుతోని దిద్దాలె. చెయ్యి కుదిరినంక పలక. పలక తెల్లబడితె దొండాకు, బొగ్గు కలిపి రుద్దేది, నల్లగయ్యేది. పలక మీద తప్పు లేకుండ మూడుసార్లు రాసినంకనే కాగితం చేతికి వచ్చేది. అందుకని నాకు ఇప్పటికి కాగితం మీద కొట్టివేత ఉంటె మనసు ఒప్పదు.

సిరా కొనలే. కరక్కాయలు దంచి నీళ్లల్ల నానబెట్టి, ఉడికిచ్చి, ఆ రసంల అన్నభేది కలిపితె నల్లటి సిరా అయితది. తుమ్మబంక జర వేస్తె కాగితానికి పట్టుకుంటది. రాసినప్పుడు లేత రంగుల ఉండి, గాలి తాకినకొద్ది నల్లబడ్తది. ఎందుకు నల్లబడ్తదని తమ్ముడు అడిగితె, "కరక్కాయ ఒగరు ఇనుముతోని కలిస్తె నలుపు, అన్నభేదిల ఇనుము ఉన్నది" అని చెప్పింది. ఆ ముచ్చట అద్దకం పనిచేసేటోళ్ల దగ్గర విన్నదట. నేను టీచరయినంక సైన్సు పుస్తకంల చదివితె ఆమె చెప్పింది సరిగ్గ సరిపోయింది.

ఇన్ని పొదుపులు చేసిన మా అమ్మ ఒక్క తాన మాత్రం చెయ్యి బిగబట్టలే. అది దీపం నూనె. పొద్దు గూకకముందే వంట కావాలె, తిండి కావాలె, అంట్లు కడగాలె. చీకట్ల ఇంటి పని ఒక్కటి పెట్టుకునేది కాదు. బాపు సుత చీకటి పడితె మగ్గం దిగేటోడు. ఎందుకంటె పనికి దీపం పెడితె చదువుకు నూనె మిగలదు. యుద్ధం రోజులల్ల గ్యాసునూనె దొరుకుడు గగనమైంది. ఎక్కబుడ్డి మూలకు పెట్టి, ఆముదం దీపం పెట్టినం. ఆముదాలు అప్పుడు మా దిక్కు మస్తుగ పండేటివి. వాటిని వేయించి, రోట్ల దంచి, నీళ్లల్ల ఉడకబెడితె నూనె పైకి తేలుతది. దాన్ని గరిటెతోని తీసి మళ్ల కాచితె నీరంతా ఇంకి నూనె మిగులుతది. పూట పట్టే పని. ఆ నూనె తలకు పెట్టుకోనిచ్చేది కాదు. ఆముదం దీపం సన్నగ, నిమ్మళంగ వెలుగుతది. ఆ వెలుతుర్ల రోజూ రాత్రి చదువుడు, రాసుడు. మధ్యల నిద్ర వస్తె లేచి మొఖం కడుక్కోవాలె. నూనె అయిపోతున్నదని దీపం చిన్నగ చెయ్యబోతె అమ్మ కోపానికి వచ్చేది. "అక్షరం కనబడాలె, వత్తి ఎగదొయ్యి" అనేది.

ఆ నూనెకు, బలపాలకు, పుస్తకాలకు పైసలెక్కడియి అంటరా? పొయ్యి పక్కన ఒక గురిగి ఉండె. గటకకు గింజలు తీసినప్పుడల్ల ఒక పిడికెడు ఆ గురిగిల వేసేది. తినేటోళ్లు ఆరుగురు, ఒక పిడికెడు తగ్గితె ఎవరికీ తెల్వదు అనేది. గురిగి నిండితె గుమ్మిల కాదు, వేరే కుండల పోసేది. పండుగ వచ్చినా, సుట్టాలొచ్చినా, గింజలు కరువైన ఆ ఏడు సుత ఆ కుండ ముట్టలే. నాయనమ్మ మస్తు తిట్టింది. ఇంట్ల పిల్లలు గంజి తాగుతుంటె కుండల గింజలు పెట్టుకున్నదని వాడంతా చెప్పింది. అమ్మ ఎదురు మాట్లాడలే, గింజలు తియ్యలే. ఏడాదికి ఒకసారి అవి అమ్మి పలక, బలపాలు, ఆముదాలు, ఒక పుస్తకం కొనేది. ఒక్కటే పుస్తకం. పొదుపు అంటె ఖర్చు తగ్గించుడు అని అందరంటరు. మా అమ్మకు అది ముందే పేరు రాసిపెట్టిన సొమ్ము. దేనికి దాస్తున్నదో ఆమెకు ఎరుక, అందుకనే అంత గట్టిగ ఉండగలిగింది. నేను ఇన్నేండ్లు బతికి, ఇంతమంది ఇండ్లు చూసి చెప్తున్న, కారణం లేని పొదుపు పిల్లలకు బరువయితది. మాకు అది ఎన్నడూ బరువు కాలే, ఏడాది పొడుగుతా రాబోయే పుస్తకం గురించే మాట్లాడుకునేటోళ్లం.

నాయనమ్మ ముచ్చట చెప్పకపోతే తప్పయితది, ఆమె చెడ్డది కాదు. ఆడపిల్లకు రాత వస్తె లగ్గం కాదని ఆమె భయం. అమ్మ ఆమెతోని వాదం పెట్టుకోలే. ఒకనాడు నన్ను పిలిచి, "నాయనమ్మ బతుకమ్మ పాటలు ఎన్ని వస్తయో అన్ని రాయి" అన్నది. నాయనమ్మకు పాటలు లెక్కలేనన్ని. రోజూ రాత్రి ఆమె చెప్తుంటె నేను రాసేది. ఒక పాట అయినంక చదివి వినిపిచ్చిన. ఆమె కండ్లు పెద్దగ చేసి, "మళ్ల చదువు" అన్నది. మళ్ల చదివిన. "నడిమిట్ల ఒక చరణం పోయింది, ఆడబిడ్డ పూలు అడిగే చరణం" అని పట్టుకున్నది. రాసింది తప్పని చెప్పుడుకు ఆమెకు అక్షరాలు అక్కర లేకుండె. ఆ చరణం పక్కన రాసి చదివితె అప్పుడు ఒప్పుకున్నది. ఆనాటి నుంచి చీకటి పడంగనే, "ఏమే, దీపం పెట్టలేదా" అని ఆమెనే అడిగేది. పాటలు రాసిన ఆ పుస్తకం చెదలు తిని పోయింది. చానా ఏండ్లకు బిరుదురాజు రామరాజు గారి తెలుగు జానపద గేయ సాహిత్యం పుస్తకం నా చేతికి వచ్చింది. మా నాయనమ్మ అసుంటి ఆడోళ్ల పాటల మీద పరిశోధన చేసి యూనివర్సిటీల డాక్టరేటు తీసుకున్న మనిషి ఆయన. ఆ పుస్తకం పట్టుకొని నేను ఏడ్చిన, అబద్ధం ఎందుకు.

ఉర్దూ మీద మా అమ్మకు కోపం లేకుండె. ఇది మీరు గుర్తువెట్టుకోవాలె, ఎందుకంటె ఆ కాలం ముచ్చట చెప్పేటోళ్లు కొందరు దీన్ని దాటవేస్తరు. అన్న కోరుట్ల బడిల నేర్చుకున్న అలిఫ్ బే అమ్మ అతని దగ్గర నేర్చుకున్నది. మా వాడ చివర ఒక సాయిబు ఇల్లుండె, ఆయన పెద్ద చదువరి. ఆ ఇంట్ల పుట్టబోయే బిడ్డకు అమ్మ బొంత కుట్టిచ్చింది, దానికి బదులు ఆయన అన్నకు సాయంత్రం ఉర్దూ కాగితాలు చదువుడు చెప్పిండు. కచేరి నుంచి వచ్చిన కాగితం ఏందో తెల్వకుండ వేలిముద్ర వెయ్యొద్దని అమ్మ పట్టుదల. తన భాష ఇంట్ల నిలుపుకోవాలె, బయటి భాష సుత రావాలె, రెండూ కావాలె అనేది.

మా చిన్నబాపు హైదరాబాదుల బట్టల దుకాన్ల పనిచేసేటోడు. సుల్తాన్ బజార్ల 1901ల పెట్టిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఉన్నది గదా, పని అయిపోయినంక అండ్ల కూసోని చదువుకునేటోడు. దసరాకు వచ్చేటప్పుడు పాత గోలకొండ పత్రికలు కట్టగట్టి తెచ్చేటోడు. సురవరం ప్రతాపరెడ్డి గారు 1926ల పెట్టిన పత్రిక అది. నైజాం రాజ్యంల తెలుగు కవులు లేరని ఎవరో రాస్తె, 1934ల 354 మంది కవుల పద్యాలు ఒక్క పుస్తకంల అచ్చేసి చూపిచ్చిన మనిషి ఆయన. ఆ ముచ్చట చిన్నబాపు చెప్పినప్పుడు మా అమ్మ మొఖం చూడాలె మీరు. పత్రికలు ఆర్నెల్ల పాతయి అయినా మాకు కొత్తయే. ఒకటికి మూడుసార్లు చదివేటోళ్లం. చదివినంక అంచుల తెల్ల కాగితం కత్తిరించి లెక్కలకు, అచ్చు ఉన్న కాగితం పుస్తకాలకు అట్టలకు.

1947, 48 ఏండ్లు గడిచిన తీరు పిల్లలకు చెప్పుడు నాకిష్టం లేదు. నిజాం దిక్కు ఆయుధాలు పట్టిన రజాకార్ల భయానికి జనం రాత్రిళ్లు చేన్లల్ల పండుకున్నరు. అన్న బడి మానేసి ఇంట్ల ఉన్నడు. చిన్నబాపు తెచ్చిన ఆంధ్ర మహాసభ కరపత్రాలు ఇంట్ల ఉంటె ప్రమాదమని బాపు కాలవెయ్యమన్నడు. అమ్మ వాటిని ఖద్దరు గుడ్డల చుట్టి, మగ్గం గుంటల తొక్కుడు కర్రల కింద మన్ను తవ్వి పాతిపెట్టింది. బాపు వాటి మీద కాళ్లు పెట్టి నేసిండు. ఆ రోజులల్ల దీపం పెట్టలే, వెలుతురు బయటికి కనబడుతదని. చీకట్లనే పద్యాలు, చీకట్లనే ఎక్కాలు. తమ్మునికి పదహారో ఎక్కం గట్లనే వచ్చింది. 1948 సెప్టెంబరుల పోలీసు చర్యతోని నిజాం ఏలుబడి పోయినంక కరపత్రాలు తవ్వి తీసినం. సగం చెమ్మకు పోయినయి.

దాని తర్వాత బడులల్ల తెలుగు వచ్చింది. మా ఊర్ల సుత బడి పెట్టిన్రు. కొత్త మాస్టరు తమ్ముణ్ణి ఒకటో తరగతిల కూసోబెట్టి, నాలుగు ప్రశ్నలు అడిగి, లేపి నేరుగ నాలుగుల కూసోబెట్టిండు. మరి నా సంగతేంది? పద్నాలుగేండ్ల పిల్లను చిన్నపిల్లలల్ల ఎట్ల కూసోబెడ్తరు? అప్పుడు చిన్నబాపు ఒక తోవ చెప్పిండు. 1943ల హైదరాబాదుల పెట్టిన ఆంధ్ర సారస్వత పరిషత్తు తెలుగుల పరీక్షలు పెడుతున్నది. ప్రాథమిక, ప్రవేశ, విశారద. ఇంటి కాడ చదువుకొని వచ్చి పరీక్ష రాయొచ్చు, బడికి పోయిన కాగితం అడుగరు. అమ్మ ఆ మాట విని ఆగింది. "ఎవరైనా రాయొచ్చా? వయసు అడుగుతరా?" అన్నది. ఆమెకు అప్పటికి ముప్పై దాటినయి. నేను, ఆమె ఇద్దరం కలిసి ప్రాథమిక రాస్తమని బాపుకు చెప్పింది.

ఆ ఏడు గురిగి గింజలకు ఒక్క పుస్తకమే వచ్చింది, చదివేటోళ్లం ఇద్దరం. అమ్మ రాత్రిళ్లు కూసోని పుస్తకమంతా కోరుట్ల కాగితం మీద ఎత్తి రాసింది, రాసుకున్నది తను పెట్టుకొని అచ్చు పుస్తకం నాకిచ్చింది. రాసుడుల ఆమెకు పాఠం అంతా నోటికొచ్చింది, పరీక్షల నాకన్న ఎక్కువ మార్కులు ఆమెకే. పరీక్ష రోజు ఎడ్ల బండి కట్టిచ్చుకొని పోయినం. సద్ది మూటల జొన్నరొట్టె, వెల్లిపాయ కారం. హాల్ల అందరికంటె పెద్దది అమ్మనే. ఆమె చెయ్యి వణుకుతదేమో అని నేను పక్కకు చూసిన. కరక్కాయ సిరాతోని ఇన్నేండ్లు రాసిన చెయ్యి, అచ్చు అసుంటి అక్షరాలు పెడుతున్నది. నేను తర్వాత ప్రవేశ రాసిన, ట్రైనింగు అయిన, బడి పంతులమ్మనయిన. ఆ సంగతులు మీ అమ్మకు ఎరుకే.

బాపు సంగతి మాత్రం మీ అమ్మకు సుత చెప్పలే. కొన్నేండ్లకు నేతగాండ్లకు సహకార సంఘం వచ్చింది. నూలు ఇచ్చినప్పుడు రిజిస్టర్ల వేలిముద్రో, సంతకమో పెట్టాలె. బాపు ఇంటికొచ్చి మగ్గం మీద కూసోని చానాసేపు నెయ్యలే. మా ముగ్గురికి చదువు చెప్పుకుంట ఆయన పక్కనే ఇన్నేండ్లు గడిపింది అమ్మ, ఆయన ఒక్కనాడు నాకు నేర్పుమని అడుగలే, ఆమె అడుగక నేర్పలే. ఆ రాత్రి అడిగిండు. అమ్మ పలక మీద ఆయన పేరు రాసిచ్చింది. నెల రోజులు దిద్దిండు, తప్పు లేకుండ సంతకం పెట్టి నూలు తెచ్చిండు. మేమంతా సంబురపడ్డం. ఆయన మాత్రం నూలు మూట దించి అమ్మ ముంగట కూసోని, "సంతకం అయితె వచ్చింది, దాని పైన ఏం రాసిన్రో చదువుడు నేర్పు" అన్నడు. తెల్లారి అమ్మ పెట్టెల నుంచి పెద్దబాలశిక్ష తీసింది, మొదటి పేజీ నుంచి షురూ చేసింది.